తొమ్మిది వందల తేడా

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో బి.కాం. చదివే పిల్లలకు,

రికార్డు రాస్తుంటే అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) కలవదు. క్రెడిట్ వైపు 900 ఎక్కువ. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంటే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి: 5,460 వేయాల్సిన చోట 4,560 పడి ఉండొచ్చు. వెతకడానికి గంట పడుతుంది. చిల్లర ఖర్చుల్లో ఒక 900 కలిపేయడానికి నిమిషం చాలు. ఎంత వెతికినా దొరక్కపోతే అనామతు (సస్పెన్స్) ఖాతాలో పెట్టి, తేడా అందరికీ కనపడేట్టు ఉంచాలి. కలిసిందా లేదా అని మాత్రమే చూసి సంతకం పెట్టే లెక్చరరు దగ్గర పిల్లలు దాచడం నేర్చుకుంటారు. ఎట్లా వెతికావని అడిగే లెక్చరరు దగ్గర వెతకడం నేర్చుకుంటారు. నీతి పేపర్లో వచ్చే మార్కులకన్నా నాకు ఇదే ముఖ్యం.

ఆడిట్ ఆఫీసులో చేరాక సీనియర్ ఏం చేస్తే అదే మీకు రూలైపోతుంది. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ ఒకటి కటింగ్ బ్లేళ్లకు 12వ తేదీన 27,000 నగదు ఇచ్చిందనుకోండి. ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు. "12, 13, 14న తొమ్మిదేసి వేలు వేసెయ్" అంటాడు సీనియర్. నిజంగా అట్లా ఇచ్చి ఉంటే తప్పే లేదు. ఇవ్వని తారీఖు వేస్తేనే చిక్కు: 12 సాయంత్రం పుస్తకంలో ఉన్న నగదుకన్నా పెట్టెలో 18,000 తక్కువ. దాన్ని కప్పడానికి ఇంకో వోచరు కావాలి.

డబ్బు కాజేసి జైలుకెళ్లినవాళ్లతో మాట్లాడిన అమెరికా నేరశాస్త్రవేత్త డొనాల్డ్ క్రెస్సీ 1953లో మూడు సంగతులు చెప్పాడు: ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బంది, అవకాశం, తనకు తాను చెప్పుకునే సమర్థింపు. విద్యార్థి దశలో ముందు మొలిచేది మూడోదే. "ఎవరికీ నష్టం లేదుగా" అన్న మాట మీ నోట వస్తే అక్కడ ఆగండి. సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం రాశారు. మొదట్లో తేడా చిన్నదేనని కూడా అందులోనే ఉంది.

బ్లేళ్ల ఖర్చు 12నే, 27,000గానే రాయండి. ఆ ఖర్చు ఒప్పుకోరు కాబట్టి, మామూలు భాగస్వామ్య సంస్థయితే దానిమీద 30 శాతం పన్ను, ఆ పన్నుమీద 4 శాతం సెస్సు కలిపి 8,424 రూపాయలు పడుతుంది. ఆ అంకె కాగితం మీద వేసి, మీ ఆడిటరుగారి ద్వారానే యజమానికి చూపించండి. మళ్లీసారి ఆయన కొట్టువాళ్లకు బ్యాంకులోనే వేస్తాడు.