బడి ముందు మూడు మెట్లు

బడి వరండా అడుగున్నర ఎత్తున ఉంటే మూడు మెట్లు కడతారు. నడిచే పిల్లలకు అవి లెక్కలోకే రావు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే మాత్రం అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున ర్యాంపు ఉండాలన్నది ప్రమాణం. అంటే అడుగున్నరకు పద్దెనిమిది అడుగులు. జాగా లేదని ఆరేడు అడుగుల్లో సిమెంటు పోసేస్తే ఆ ఏటవాలులో పెద్దవాళ్లు తోసినా కుర్చీ ఎక్కదు. దిగేటప్పుడు ఇంకా భయం.

ర్యాంపు అనే ఆలోచన దాకా రావడానికే యాభై ఏళ్లు పట్టింది. మొదట్లో వైకల్యం ఉన్న పిల్లల చదువంటే వేరే బడే. తిరుపతిలో టీటీడీ నడిపే బధిర పాఠశాల ఆ కోవలోదే. సైగల భాషలో చదువుకునే పిల్లలకు అలాంటి తావు ఇప్పటికీ కావాలి. కానీ కుప్పం పక్క పల్లెలో ఉన్న బిడ్డకు తిరుపతి ఎంత దూరం!

ఈ పిల్లల్ని వీలైనంతవరకు మామూలు బళ్లలోనే చేర్చాలని దేశంలో చదువుల తీరు చూడటానికి కేంద్రం వేసిన 1964-66 నాటి కొఠారి కమిషన్ చెప్పింది. 1974లో కేంద్రం సమీకృత విద్యా పథకం తెచ్చింది. దాన్ని నడిపింది సంక్షేమ శాఖ, విద్యాశాఖ చేతికి వచ్చింది 1982లో. నాకిది చిన్న సంగతిగా అనిపించదు. బిడ్డ చదువును సాయం పద్దులో రాసే అలవాటు అక్కడే పడింది.

1995 నాటి వికలాంగుల చట్టం 18 ఏళ్ల దాకా ఉచిత విద్య అంది, కానీ ఏడు వైకల్యాలనే గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలో అవి 21 అయ్యాయి, ఆటిజం కూడా చేరింది. ఈ రెంటికీ నడుమ 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలోకి అడ్డంకులు లేని దారి ఉండాలంది. తీవ్ర వైకల్యం ఉంటే ఇంటి దగ్గరే చదువుకోవచ్చని 2012లో సవరణ చేశారు. మంచం దిగలేని బిడ్డ తల్లికి అది ఊరటే. ర్యాంపు కట్టని బడికి మాత్రం అది సాకు కాకూడదు.

ర్యాంపు పోలియో నాటి ఆలోచన అనుకుంటాను. కాళ్లు సరిచేయించడానికి తిరుపతిలో ఎముకల వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రికి పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చిన తరం అది. 2011 తర్వాత దేశంలో వైల్డ్ పోలియో (సహజంగా వ్యాపించే వైరస్ వల్ల వచ్చేది) కేసు రాలేదు. ఇప్పుడు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు పట్టుతప్పడం), బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలకు పక్కన కూర్చుని నేర్పే మనిషి కావాలి. ఈ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ఐఈఆర్టీలనే ప్రత్యేక టీచర్లు చేసే పని అదే. ప్రాథమిక తరగతుల్లో పదిమందికి, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2022లో కేంద్రం చెప్పింది.

ర్యాంపు ఎక్కి, టీచరూ దొరికాక ఇంకొక తలుపు ఉంటుంది, మరుగుదొడ్డిది. అది మూడడుగుల వెడల్పు ఉండాలన్నది ప్రమాణం. మరీ ఇరుకైతే కుర్చీ లోపలికి పట్టదు. అలాంటి బడిలో ఎనిమిదో తరగతి పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చుంటుంది.