ఊడిన పన్ను పారేయకండి: పిల్లల పంటి దెబ్బలు, నొప్పులపై అపోహలు - వాస్తవాలు

పిల్లల పళ్ల డాక్టర్లం ఎక్కువగా నెల్లూరు, ఒంగోలు లాంటి చోట్లే ఉంటాం. పిల్లాడు కిందపడేది ఉదయగిరి బడిలోనో, కనిగిరి సందులోనో. బస్సెక్కి మా దగ్గరికి రావాలంటే రెండు గంటలైనా పడుతుంది. దెబ్బకు ఊడిన పన్ను అంతసేపు ఆగదు. అందుకే ఆ సమయానికి పక్కనున్న అమ్మమ్మో, పీఈటీ సారో చేసేదే సగం వైద్యం. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

అపోహ: పన్ను ఊడిందంటే ఇక పోయినట్టే

పాలపన్ను విషయంలో నిజమే. ఆరేళ్లు దాటాక వచ్చిన అసలు పన్ను వేరుతో సహా ఊడివస్తే మాత్రం దాన్ని తిరిగి అదే గుంటలో పెట్టవచ్చు. వేరు చుట్టూ సన్నని తడి పొర ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచేది అదే. అది ఆరిపోయిన కొద్దీ అందులోని కణాలు చచ్చిపోతాయి. అరగంటలోపు పెడితే చాలా మంచిది. గంటసేపు ఆరుబయట ఎండితే, ఆ తర్వాత పెట్టినా కొన్నేళ్లకు వేరు కరిగిపోయే ప్రమాదం ఎక్కువ.

మా దగ్గరికి తెచ్చే పన్ను తరచూ ఎలా ఉంటుందంటే, కర్చీఫ్ మడతలోంచి తెల్లగా, తళతళలాడుతూ బయటికి వస్తుంది. పాపం, ఆ తల్లి కుళాయి కింద పెట్టి సబ్బుతో రుద్ది మరీ కడిగి ఉంటుంది. వేరు మీద గోటి గీతలు కనిపిస్తాయి. ఎండిపోయిన చోట నూలుపోగులు అంటుకుని ఉంటాయి. మట్టితోపాటు ఆ పొర కూడా పోయిందన్నమాట. ప్రేమకొద్దీ చేసిన పనే, కానీ పన్నుకు అదే దెబ్బ.

చేయాల్సింది ఇది. పన్నును తెల్లగా కనిపించే పైభాగం దగ్గరే పట్టుకోండి, వేరును ముట్టుకోవద్దు. మట్టి ఉంటే పాలతోనో సెలైన్‌తోనో మెల్లగా కడగండి. అవి లేకపోతే మంచినీళ్లతో పది సెకన్లకు మించకుండా కడగండి. పిల్లాడు స్పృహలో ఉండి, మాట వింటుంటే, పక్క పళ్ల వరుస చూసుకుని అదే గుంటలో మెల్లగా నొక్కండి. మడిచిన శుభ్రమైన గుడ్డను కరిచి పట్టుకోమని చెప్పి బయలుదేరండి. ధైర్యం చాలకపోతే టెన్షన్ పడకండి. టీ కొట్టులో చల్లని పాల ప్యాకెట్ తీసుకుని, చక్కెర కలపని ఆ పాలలో పన్ను వేసి తెండి. పాలు దొరక్కపోతే పిల్లాడినే గ్లాసులో ఉమ్మమని, ఆ ఉమ్మిలో వేయండి. ఒట్టి నీళ్లలో నానబెట్టడం అంత మంచిది కాదు. అయితే ఏమీ దొరకనప్పుడు ఎండబెట్టడం కన్నా అదే నయం. మేము పక్క పళ్లకు సన్నని తీగతో కట్టి సుమారు రెండు వారాలు ఉంచుతాం. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ అవసరమో కాదో కూడా చూస్తాం.

పాలపన్నును మాత్రం తిరిగి గుంటలో పెట్టకండి. లోపల ఎదుగుతున్న అసలు పన్ను దెబ్బతినవచ్చు. ఏది ఏదో తెలియాలంటే వయసు చూడండి. పై ముందు పళ్లు ఏడెనిమిదేళ్లకు మారతాయి. కొత్తగా వచ్చిన అసలు పన్ను వెడల్పుగా ఉంటుంది, అంచున రంపంలా చిన్న గాట్లు కనిపిస్తాయి. పేడలో పెట్టి ఇంటి మీదికి విసిరేముందు ఒక్కసారి ఆ అంచు చూడండి.

పన్ను విరిగితే ముక్కను కూడా తడిగా ఉంచి తెండి, చాలాసార్లు దాన్నే అతికించవచ్చు. ఊడిన పన్ను ఎక్కడా దొరక్కపోతే, పిల్లాడు ఆగకుండా దగ్గుతుంటే, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందేమో ఎక్స్‌రే తీయించాలి. వాంతులు, మత్తు ఉంటే పన్ను సంగతి తర్వాత, ముందు తలకు దెబ్బ తగిలిందేమో చూపించండి.

అపోహ: పన్ను రంగు మారితే అది మా ఊరి నీళ్ల వల్లే

కనిగిరి, ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ మచ్చలు మామూలే కాబట్టి ఇలా అనుకుంటారు. ఫ్లోరైడ్ మచ్చలు రెండు వైపులా చాలా పళ్ల మీద ఉంటాయి. దెబ్బ తగిలాక ఒక్క పన్నే బూడిదరంగుకు తిరిగితే లోపలి నరం దెబ్బతిన్నదేమో చూడాలి.

అపోహ: పిప్పిపన్ను కింద పొగాకు పెడితే నొప్పి లాగేస్తుంది

పొగాకు పండే మా ప్రాంతంలో పెద్దవాళ్లకు ఇది అలవాటు. పిల్లలకు వద్దే వద్దు. అందులోని నికోటిన్ చిన్న ఒంటికి విషం, వాంతులు, తలతిరుగుడు వస్తాయి. లవంగనూనె దూదితో అదిమి పెడితే చిగురు కాలుతుంది. ఆస్ప్రిన్ పిల్లలకు ఇవ్వకూడదు. నొప్పికి పారాసెటమాల్ చాలు, ఒక్కో డోసుకు, బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. వాపు, జ్వరం లేని ఒట్టి పన్నునొప్పికి యాంటీబయాటిక్ పని చేయదు. మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి.

అపోహ: దవడ వాస్తే కాపడం పెట్టాలి, పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుంది

ఈ రెండు మాటలూ కలిసినప్పుడే నాకు ఎక్కువ భయం. వేడి కాపడంతో లోపలి చీము తగ్గదు, వాపు ఇంకా పెరగవచ్చు. పన్ను తీసేస్తే చూపు పోతుందనేది అసలు లేని మాట. పై దవడ పన్నులోని చీమును తీయకుండా నాన్చితే మాత్రం, ఇన్‌ఫెక్షన్ కంటి చుట్టూ పాకవచ్చు. అప్పుడు నిజంగానే కంటికి ముప్పు. ఎలాగూ ఊడే పాలపన్నే కదా అని కూడా వదిలేయకండి. వెనక పాలదవడ పళ్లు తొమ్మిది నుంచి పన్నెండేళ్ల దాకా నోట్లోనే ఉండాల్సినవి.

బుగ్గ వాచి జ్వరం వస్తే ఆ రోజే చూపించండి. వాపుకు కన్ను మూసుకుపోతున్నా, నోరు తెరవలేకపోతున్నా, దవడ కింద గట్టిగా ఉబ్బినా, మింగలేక లాలాజలం కారుతున్నా, ఊపిరి కష్టంగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. పన్ను డాక్టరు కోసం వెతక్కుండా 108కి ఫోన్ చేసి, నెల్లూరు లేదా ఒంగోలు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. దారిలో పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే తీసుకెళ్లండి.