ఉప్పుగాలిలో ఊయల: అపోహలు – వాస్తవాలు

సముద్రం ఒడ్డున పార్కుల్లో పిల్లల ఆటస్థలాలు డిజైన్ చేయడం నా పని. మొదట్లో నేను వేయించిన ఒక ఊయల స్టాండుకి పైన రంగు ఇంకా నిగనిగలాడుతుండగానే నేల దగ్గర కాలిని తుప్పు తినేసింది. అది విరిగినప్పుడు దాని మీద పిల్లలెవరూ లేరు. ఆ రోజు నుంచి ఏ పార్కుకి వెళ్లినా ముందు వంగి అడుగు చూస్తాను.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే మంచి ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) అన్నట్టే.

వాస్తవం: 202, 304, 316 గ్రేడులు మూడూ అయస్కాంతానికి దాదాపు అంటుకోవు. 202 అంటే నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన చవక రకం. ఇంట్లో మెట్ల రెయిలింగుకి సరిపోతుంది కానీ విశాఖ బీచ్ రోడ్డులాంటి చోట త్వరగా గోధుమరంగు మచ్చలు పడుతుంది. 316లో 2–3 శాతం మాలిబ్డినం ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు స్టీలుకి సన్నటి గుంటలు పెట్టకుండా అడ్డుపడేది అదే. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి, స్టీలులో ఏది ఎంత ఉందో తయారుచేసిన మిల్లు రాసిచ్చే టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. అన్నీ 316లో కొనే బడ్జెట్ లేకపోతే కనీసం బోల్టులు, పిల్లలు పట్టుకునే కడ్డీలైనా అందులో తీసుకోండి.

అపోహ: వానకి తడిసే చోటే ముందు తుప్పు పడుతుంది.

వాస్తవం: తీరంలో నేను ఎక్కువగా చూసింది దీనికి వ్యతిరేకం. వాన ఉప్పుని కడిగేస్తుంది. జారుడుబల్ల అడుక్కి, ప్లాట్‌ఫాం కింది ఫ్రేముకి వాన చేరదు. అక్కడ పేరుకున్న ఉప్పు గాలిలోని చెమ్మని పీల్చుకుని ఇనుముని తడిగానే ఉంచుతుంది. వారానికోసారి మంచినీళ్లతో అడుగు భాగాలు కడిగించాలి. అందుకే నా డ్రాయింగుల్లో ఆటస్థలం పక్కన ఒక కుళాయి తప్పకుండా ఉంటుంది. ఖర్చు తగ్గించాలని దాన్ని కొట్టేస్తామంటే నేను ఒప్పుకోను.

అపోహ: జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపే కదా, సైట్లో వెల్డింగ్ చేసుకోవచ్చు.

వాస్తవం: ఆ వేడికి అతుకు దగ్గర జింకు పూత కాలిపోతుంది. కోతలు, రంధ్రాలు, వెల్డింగ్ అన్నీ షెడ్డులోనే ముగించి, ఆ తర్వాత మొత్తాన్ని కరిగిన జింకులో ముంచాలి. సైట్లో బోల్టులు బిగించడమే మిగలాలి. కాలి చుట్టూ కాంక్రీటుని నేలకంటే కాస్త ఎత్తుగా పోసి, నీళ్లు బయటికి జారేలా వాలు పెట్టాలి. నా ఊయల దగ్గర ఆ వాలే లేదు.

అపోహ: బీచ్ ఇసుక చేతికందుతుంటే కింద వేరే ఏం పరచాలి?

వాస్తవం: అందులో ఉప్పు, గవ్వ ముక్కలు, సీసా పెంకులు ఉంటాయి. కడిగిన నది ఇసుక వాడండి. యూరప్ ప్రమాణం ప్రకారం పిల్లలు కిందపడే ఎత్తు 3 మీటర్ల వరకు ఉంటే ఇసుక 30 సెంటీమీటర్ల లోతు కావాలి, చెదిరిపోయేదానికి ఇంకో 10 కలుపుకోవాలి.

అపోహ: జారుడుబల్లని ఉత్తరానికి తిప్పితే ఎండకి కాలదు.

వాస్తవం: ఇది చల్లని దేశాల కేటలాగుల నుంచి వచ్చిన సలహా. మే రెండో వారానికి మధ్యాహ్నపు సూర్యుడు విశాఖకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఎటు తిప్పినా స్టీలు కాలుతుంది, పసిపిల్లల తొడలు బొబ్బలెక్కుతాయి. కావలసింది నీడ. ఉప్పుగాలికి తట్టుకునే కానుగ చెట్లు నాటండి. అవి ఎదిగేదాకా షేడ్ నెట్ కట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఎన్ని చెట్లని కూల్చిందో విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని గంటలో విప్పేయగలిగేలా ఆ నెట్‌కి కొక్కేలు పెట్టించండి.