ఇంకా కాలేజీలోనేనా?

ప్రియమైన పిల్లలూ,

2025 నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో, మా ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. వాండర్‌బిల్ట్, టెనెసీ యూనివర్సిటీల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు ఆటను నడిపించేవాడు, డియేగో పావియా బంతి పట్టుకుని పరుగెడుతుంటే మా మనవడు నా మోకాలు తట్టి అడిగాడు: "తాతయ్యా, ఇతనికి 23 ఏళ్లట. ఇది ఆరో సీజనట. ఇంకా కాలేజీలోనేనా?"

ఆ గోలలో "తర్వాత చెప్తాలే నాన్నా" అని దాటేశాను. వాడికి సరిగ్గా జవాబు చెప్పాలంటే డబ్బు సంగతి చెప్పాలి. డబ్బు సంగతి చెప్పాలంటే డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, వాడికీ మీ అందరికీ.

మీలో కొందరు ఇక్కడే పుట్టి పెరుగుతున్నారు. కొందరు రేపో మాపో హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఇక్కడి యూనివర్సిటీలకు వస్తారు. వచ్చిన కొత్తలో, శనివారం పొద్దున్నే ఊరంతా ఒకే రంగు చొక్కాలు వేసుకుని ఎక్కడికి పోతోందో అర్థం కాదు. నాకూ కాలేదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. టెక్సస్ ఎ అండ్ ఎమ్ వాళ్ల కైల్ ఫీల్డ్‌లో లక్షా రెండు వేల పైచిలుకు సీట్లు. కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, చంకన పెట్టుకుని పరుగెత్తే ఈ ఆటకు ఇక్కడ అంత పిచ్చి. ఆడేది మాత్రం మీకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లు.

నేను టెక్సస్‌లో ఒక యూనివర్సిటీలో ఇరవై ఏళ్లకు పైగా స్టాటిస్టిక్స్ చెప్పాను. 2003లో నా క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడు. ఫుట్‌బాల్ టీములో లైన్‌మన్, అంటే ఎదుటివాళ్లను ఒంటితో అడ్డుకునేవాడు. మూడు వందల పౌండ్ల మనిషి. బల్ల, కుర్చీ కలిసి ఉండే మా క్లాసు సీట్లలో పట్టేవాడు కాదు. వెనక గోడ దగ్గర విడిగా ఒక కుర్చీ వేయించాను. ఒక పరీక్ష రోజున మోకాలికి ఐస్ సంచి కట్టుకుని, దాని చుట్టూ ప్లాస్టిక్ చుట్టుకుని వచ్చాడు. రాస్తున్నంతసేపూ కరిగిన నీళ్లు కింద బొట్లు బొట్లుగా పడుతూనే ఉన్నాయి. పరీక్ష అయ్యాక నేల తుడవడానికి కాగితాలు అడిగి తెచ్చుకుని తనే తుడిచాడు.

ఒకరోజు రాత్రి ఏడున్నరకు డౌట్లు అడగడానికి నా గదికి వచ్చాడు. ప్రాక్టీసు ఆలస్యమైందట, మెస్ మూసేశారట. లెక్క చెబుతుంటే అతని చూపు నా టిఫిన్ బాక్సు మీదకే పోతోంది. అందులో మీ నానమ్మ పెట్టిన పులిహోర మిగిలి ఉంది. ఇచ్చాను. ఆటగాళ్లకు ఎవరు ఏమిచ్చినా రూల్ తప్పినట్టవుతుందని అప్పట్లో మమ్మల్ని భయపెట్టేవారు. ఆ భయంతో నేను తలుపు దగ్గరగా వేశాను. ఆకలేసిన పిల్లాడికి ఇంత అన్నం పెట్టడానికి తలుపు వేసుకోవాల్సి వచ్చిందే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అతనికి స్కాలర్‌షిప్ ఉండేది. ఫీజు, గది, భోజనం, పుస్తకాలు. అంతే. అతని ఆట చూడటానికి వచ్చినవాళ్లు కొన్న టిక్కెట్ల డబ్బు, టీవీ వాళ్లు కట్టిన డబ్బు కోచ్‌కు వెళ్లింది, స్టేడియం కొత్త అంతస్తుకు వెళ్లింది. ఆడినవాడికి రాలేదు. 2014లో షబాజ్ నేపియర్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు, జాతీయ ఛాంపియన్ జట్టులోనివాడు, తాను ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని విలేకరుల ముందు చెప్పాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆటగాళ్లకు కడుపు నిండా తిండి పెట్టుకోవచ్చని రూల్ మార్చారు. అప్పుడు నాకు నా విద్యార్థే గుర్తొచ్చాడు.

కాలేజీ ఆటలకు రూల్స్ పెట్టేది ఎన్‌సీఏఏ అనే సంస్థ. 1906లో మొదలైంది. ఆటగాళ్లను అది "స్టూడెంట్-అథ్లెట్" అంటుంది. వినడానికి బాగుంటుంది. ఆ మాట ఎందుకు పుట్టిందో తెలుసుకోండి. 1955లో కొలరాడోలో రే డెన్నిసన్ అనే ఆటగాడు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం తనకూ ఇమ్మని అతని భార్య అడిగింది. అతను ఉద్యోగి కాడని చెప్పి 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది. ఆ రోజుల్లో ఎన్‌సీఏఏను నడిపిన వాల్టర్ బయర్స్ ఆటగాడిని ఎవరూ ఉద్యోగి అనకుండా ఉండేందుకే ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. ముసలితనంలో ఆయనే ఆ పద్ధతి తప్పని రాశాడు.

తర్వాత కోర్టులు ఒక్కో ఇటుకా తీస్తూ వచ్చాయి. వీడియో గేమ్‌లో తన రూపం వాడుకుని తనకు పైసా ఇవ్వలేదని బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ వేసిన కేసులో 2014లో ఎన్‌సీఏఏ ఓడింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఆ జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకుని ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు.

అసలు పెద్ద మార్పు 2025 జూన్ 6న వచ్చింది. హౌస్ కేసు అంటారు. గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరు మీద నడిచిన కేసు. జడ్జి క్లాడియా విల్కెన్ ఒప్పుకున్న రాజీ ప్రకారం, ఇక యూనివర్సిటీయే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచవచ్చు. మొదటి ఏడు ఒక్కో యూనివర్సిటీకి హద్దు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అదీ అన్ని ఆటలకూ కలిపి. ఆ హద్దు ఏటా పెరుగుతుంది. 2016 నుంచి ఆడిన పాతవాళ్లకు దాదాపు 280 కోట్ల డాలర్లు పదేళ్లలో కట్టాలి. చాలా పెద్ద యూనివర్సిటీల్లో పంచే డబ్బులో నాలుగింట మూడొంతులు ఫుట్‌బాల్‌కే పోతుందని అంచనా. ఆడపిల్లల వాటా చిన్నది. అది అన్యాయమని కొందరు మహిళా క్రీడాకారులు అప్పీలుకు వెళ్లారు. వాళ్ల మాటలో న్యాయముందని నా నమ్మకం.

మనం టీవీలో చూసిన ఆ టెనెసీ స్టేడియంలో 2025 సీజన్ టిక్కెట్ల మీద పది శాతం అదనంగా వసూలు చేశారు, ఆటగాళ్ల కోసమని పేరు పెట్టి మరీ. ఆ లైన్‌మన్ కుర్రాడి రోజుల్లో ఆ మాట పైకి అంటే నేరం.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తున్నాను నాన్నా.

ఆ మ్యాచ్ నాటికి ఉన్న రూల్ ఏమిటంటే, కాలేజీలో చేరిన రోజు నుంచి గడియారం మొదలవుతుంది. ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడుకోవచ్చు. ఒక ఏడు పక్కన కూర్చుంటే దాన్ని రెడ్‌షర్ట్ అంటారు, ఆ ఏడు లెక్కలోకి రాదు. 2020లో కోవిడ్ వల్ల అందరికీ ఒక సీజన్ అదనంగా ఇచ్చారు. పెద్ద గాయాలైతే ఇంకాస్త ఇస్తారు. క్యామ్ మెక్‌కార్మిక్ అనే అబ్బాయి వరుస గాయాలతో 2016 నుంచి 2024 దాకా తొమ్మిది సీజన్లు కాలేజీ జట్టులోనే ఉన్నాడు.

పావియా మొదటి రెండేళ్లూ న్యూ మెక్సికోలో ఒక జూనియర్ కాలేజీలో, అంటే రెండేళ్ల చదువుల చిన్న కాలేజీలో, ఆడాడు. పెద్ద యూనివర్సిటీలేవీ అతన్ని పిలవలేదు. తర్వాత రెండేళ్లు న్యూ మెక్సికో స్టేట్, ఆ తర్వాత వాండర్‌బిల్ట్. 2024 అక్టోబరులో నంబర్ వన్ జట్టు అలబామాను ఓడించాడు. ఇక నీ ఏళ్లు అయిపోయాయన్నారు. అతను కోర్టుకెళ్లాడు. జూనియర్ కాలేజీలో టీవీ లేదు, డబ్బు లేదు, ఆ ఏళ్లను నా లెక్కలో ఎందుకు కలుపుతారు, ఇంకో ఏడు ఆడితే పది లక్షల డాలర్లకు పైగా సంపాదిస్తాను, ఆ దారి మూసే హక్కు మీకెక్కడిది అన్నాడు. 2024 డిసెంబరులో నాష్‌విల్‌లో జడ్జి అతని వైపే నిలిచాడు. అతనిలాంటి మిగతావాళ్లకు కూడా ఎన్‌సీఏఏ ఒక ఏడు సడలించింది. ఆ ఏడే మనం చూసిన సీజన్. వాండర్‌బిల్ట్ చరిత్రలోనే మొదటిసారి పది మ్యాచ్‌లు గెలిచింది, పావియా ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ పోటీలో రెండో స్థానంలో నిలిచాడు.

చూశారా, డబ్బు రానంతకాలం "నాలుగేళ్లే" అన్నది బడి రూల్. డబ్బు వచ్చాక అదే రూల్ ఒకరి బతుకుదెరువుకు గడువు అయింది. అందుకే కోర్టుల్లో కేసు మీద కేసు పడుతోంది. ఒక ఊరి జడ్జి ఇంకో ఏడు ఆడమంటాడు, పక్క రాష్ట్రం జడ్జి కుదరదంటాడు. ఏ పిల్లాడు ఏ ఊళ్లో ఉన్నాడన్నదాన్ని బట్టి న్యాయం మారిపోతోంది.

గడువు ఉండకూడదని మాత్రం నేను అనను. జట్టులో ఇప్పుడు 105 మందికే చోటు. హౌస్ రాజీతో ఆ హద్దు వచ్చింది. 24 ఏళ్లవాడు ఉండిపోతే, హైస్కూల్ పూర్తిచేసిన 18 ఏళ్ల కుర్రాడు బయటే ఆగిపోతాడు. స్కాలర్‌షిప్ కూడా లేకుండా, ఆట మీద ప్రేమతో జట్టు చివర ఉండే వాక్-ఆన్‌ల చోట్లు ఈ లెక్కల్లోనే పోయాయి. 2025 ఏప్రిల్‌లో జడ్జి విల్కెన్ రాజీని ఆపింది వాళ్ల కోసమే. చోటు పోయినవాళ్లను 105 లెక్కలో కలపకుండా తీసుకునే వీలు కల్పించాకే సంతకం పెట్టింది. ఆవిడ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మరి హద్దు ఎవరు పెట్టాలి? కాలేజీ తర్వాత జీతానికి ఆడే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌ను చూడండి. హైస్కూల్ దాటి మూడేళ్లు గడిస్తే గానీ ఎవరినీ తీసుకోదు. 2004లో మారిస్ క్లారెట్ అనే కుర్రాడు ఆ రూల్ మీద కోర్టుకెళ్లి ఓడిపోయాడు. ఎందుకంటే అక్కడ ఆటగాళ్లకు యూనియన్ ఉంది, జీతాల హద్దులైనా ఇంకేవైనా బేరమాడి ఒప్పుకున్నవి. ఎన్‌సీఏఏ హద్దులకు ఆ సంతకం లేదు. ఒకవైపు ఎన్‌ఎఫ్‌ఎల్ తలుపు మూసి ఉంటే, మరోవైపు కాలేజీ షరతులకు తలవంచక తప్పని కుర్రాడిని ఎవరూ ఏమీ అడగలేదు. 2014లో నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్లు యూనియన్ కోసం ప్రయత్నించారు. ఏడాది తర్వాత కార్మిక బోర్డు ఈ విషయంలో వేలు పెట్టనంది. పెద్ద జట్లు చాలావరకు ప్రభుత్వ యూనివర్సిటీలవి, ఆ బోర్డు అధికారం వాటికి చెల్లదు. మా టెక్సస్ లాంటి చోట్ల ప్రభుత్వ ఉద్యోగులకు బేరమాడే హక్కే దాదాపు లేదు.

2025లో వాషింగ్టన్‌లో ఒక బిల్లు తెచ్చారు. ఎన్‌సీఏఏను కేసుల నుంచి కాపాడుతుంది, ఆటగాళ్లు ఉద్యోగులు కారని రాసేస్తుంది. డిసెంబరులో ఓటుకు రావాల్సింది, వెనక్కి తీసుకున్నారు. అలాంటిది మళ్లీ రావచ్చు. ఐదేళ్లకు ఐదు సీజన్లు, రెడ్‌షర్ట్‌లు వద్దు అనే ప్రతిపాదన కూడా 2025 నాటికే చాన్నాళ్లుగా నడుస్తోంది. లెక్క సులువుగా ఉంటుంది, నాకు అభ్యంతరం లేదు. ఆటగాళ్లు కూర్చుని ఒప్పుకుంటే చాలు.

ఎఫ్-1 వీసా, అంటే చదువుకునేవాళ్ల వీసా, మీద రాబోయే పిల్లలకు ఇంకో మాట. జట్లలో బంతిని దూరంగా తన్నే పంటర్లు చాలామంది ఆస్ట్రేలియా నుంచి వస్తారు. వాళ్లదీ మీ వీసాయే. మీకు క్యాంపస్ బయట పని చేయడానికి ఎంత ఇబ్బందో, పక్కవాడు తీసుకునే ఎన్‌ఐఎల్ డబ్బు తీసుకోవడానికి వాళ్లకూ అంతే ఇబ్బంది. ఒకే గదిలో బట్టలు మార్చుకునే ఇద్దరికి రెండు న్యాయాలు. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఆ లైన్‌మన్ కుర్రాడు పోయిన ఏడు నాకు ఫోన్ చేశాడు. ఇప్పుడు నలభై దాటాయి, మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. "ప్రొఫెసర్, ఆ 280 కోట్లలో నా ఏళ్లు ఉన్నాయా?" అని అడిగాడు. 2016 నుంచి మాత్రమే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన కొడుకు ఎనిమిదో తరగతిలో అదే ఆట ఆడుతున్నాడని, మంచి కోచ్‌లు అప్పుడే కన్నేశారని చెప్పాడు. ఆడనివ్వమన్నాను. ఎవరైనా సంతకం పెట్టమని కాగితం ఇస్తే, పెట్టేముందు నాకు పంపమన్నాను.

మీ తాతయ్య