బరువును బరువే లేపే వంతెన

విశాఖలో రాస్ హిల్ మీద నిలబడితే, ఓడలు రేవు లోపలికి వచ్చే కాలువ కళ్లెదుటే ఉంటుంది. అవతలి ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండ. చూపుకు దగ్గరే, కానీ ఆ కొండ అవతలి యారాడ ఊరికి వెళ్లాలంటే రేవంతా చుట్టుకుని సింధియా మీదుగా పోవాల్సిందే. 1933లో లోపలి రేవు మొదలైనప్పటి నుంచి ఆ నీరు ఓడలది. తక్కువ ఎత్తులో వంతెన కడితే ఓడకు అడ్డం. ఓడను మించిన ఎత్తులో కడితే దాని మీదికి ఎక్కే దారికి ఇరుకైన పాతనగరంలో చోటెక్కడ?

అమెరికాలోని డులూత్ నగరానికీ ఈ చిక్కే వచ్చింది. 1871లో ఇసుక దిబ్బను చీల్చి ఓడల కాలువ తవ్వారు. దాంతో దిబ్బ మీద ఉండేవాళ్లకు ఊరితో దారి తెగిపోయింది. 1905లో కాలువకు అడ్డంగా ఎత్తైన ఉక్కు చట్రం నిలిపి, దానికి వేలాడే బండిలో మనుషులనూ వాహనాలనూ దాటించారు. రద్దీ పెరిగాక ఆ చట్రాన్నే మార్చి, 1930 నుంచి రోడ్డునే పైకి లేపుతున్నారు.

లేచే భాగం బరువు సుమారు 900 టన్నులు. అంత బరువును మోటార్లే మోస్తాయనుకుంటాం. నిజానికి మోసేవి రెండు గోపురాల్లో వేలాడే కాంక్రీటు దిమ్మెలు, ఒక్కోటి దాదాపు 450 టన్నులు. అపార్ట్‌మెంటు లిఫ్టులోనూ ఇదే ఏర్పాటు: గది పైకి పోతుంటే వెనక దిమ్మె కిందికి దిగుతుంది. తూకం సరిపోయాక మోటారుకు మిగిలేది రాపిడినీ గాలినీ ఎదిరించి కదల్చడమే. అందుకే ఇలాంటి వంతెనలకు పైన కొత్త రోడ్డు పరిచినా, మందంగా రంగు వేసినా తూకం మళ్లీ చూసుకోవాలి. రంగుకూ బరువుంటుంది మరి! ఇంజినీరింగులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ పొదుపే.

గాలి మాత్రం మొండిది. రామేశ్వరం వెళ్లే పాత పాంబన్ వంతెన మీద గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే రైళ్లు ఆపేసేవారు. 2014లో హుద్‌హుద్‌ను చూసిన విశాఖకు గాలి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

డులూత్‌లో ఓడ కూత వేస్తే వంతెన కూడా కూతతో బదులిస్తుంది. దాన్ని చూడటానికే జనం ఒడ్డున చేరతారు. పెద్ద ఓడ వస్తే వెంటనే లేపుతారు, చిన్న పడవలు మాత్రం వేసవిలో అరగంటకోసారి వచ్చే వంతు కోసం ఆగాలి. వంతెన పైన ఉన్నంతసేపూ రోడ్డు మీది వాళ్లూ ఆగాల్సిందే. మన కాలువ మీద ఎప్పుడైనా ఇలాంటిది తలపెడితే, ఓడ వచ్చే వేళకే అంబులెన్సూ వస్తే ఎవరు ఆగాలో నమూనా గీయకముందే తేల్చుకోవాలి.