రోజూ కాస్త జారే కొండ

హిన్స్‌డేల్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో నైరుతి వైపు, శాన్ హువాన్ పర్వతాల మధ్య ఉంటుంది. దాదాపు 2,900 చదరపు కిలోమీటర్ల నేల. 2020 లెక్కల ప్రకారం అక్కడుండే మనుషులు 788 మంది! మన దగ్గర ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో అంతకన్నా ఎక్కువమందే ఉంటారు. ఊరంటూ ఉన్నది లేక్ సిటీ ఒక్కటే, అదీ 2,640 మీటర్ల ఎత్తున. నేలలో 95 శాతం దాకా ప్రభుత్వానిదే కాబట్టి, ఎవరైనా వచ్చి ఇల్లు కట్టుకుందామన్నా జాగా దొరకడం కష్టం.

ఊరి పేరులోని ఆ లేక్, అంటే శాన్ క్రిస్టోబాల్ సరస్సు, ఒక కొండచరియ పెట్టిన భిక్ష. సుమారు 700 ఏళ్ల కిందట పక్క కొండ తెగి, బురదలా జారి వచ్చి లోయలోని నదికి అడ్డం పడింది. వెనక నీళ్లు నిలిచిపోయి కొలరాడోలో రెండో పెద్ద సహజ సరస్సు తయారైంది.

ఆ జారుడు పేరు స్లమ్‌గలియన్. గని పనివాళ్లు చేతికందినవన్నీ వేసి కాచుకునే పులుసుకి ఆ పేరుండేది, ఈ పసుపు రంగు మట్టిని చూస్తే వాళ్లకి అదే గుర్తొచ్చిందట (పేరు పెట్టినవాడు మంచి ఆకలి మీద ఉండుంటాడు).

అక్కడిదంతా పాత అగ్నిపర్వతాల రాయి. భూమి లోపలి వేడినీళ్లు దాన్ని మెత్తబరిచి బంకమట్టి చేసేశాయి. మన నల్లరేగడి వానకి ఉబ్బేది ఏ రకం మట్టి వల్లో, ఇందులోనూ అదే ఉంది. అందుకే జారుడు ఇంకా ఆగలేదు. పాతదాని మీద సుమారు 300 ఏళ్లుగా ఇంకోటి కదులుతోంది, పొడవు దాదాపు 4 కిలోమీటర్లు, జోరుగా ఉన్న చోట ఏడాదికి 6 మీటర్ల దాకా. మంచు కరిగే రోజుల్లో వేగం పెరుగుతుంది. దాని మీది చెట్లు కల్లు తాగినవాళ్లలా తలా ఓ పక్కకి ఒరిగి ఉంటాయి.

నాకు భలే నచ్చిన సంగతి 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో ఉంది. సముద్రానికి ఉన్నట్టే గాలికీ ఆటుపోట్లుంటాయి, ఎండ వేడికి గాలి ఒత్తిడి రోజూ కాస్త తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. తగ్గిన గంటల్లో మట్టి సందుల్లోని నీరూ గాలీ పైకి కదులుతాయి, అడుగున రాపిడి పట్టు సడలుతుంది, అంత పెద్ద కొండా ఆ కాస్త ఒత్తిడి తగ్గినందుకే జరుగుతుంది.

లేక్ సిటీకి తారు రోడ్డంటే 149వ నంబరు హైవే ఒక్కటే. అది 3,500 మీటర్ల ఎత్తున స్లమ్‌గలియన్ కనుమ దాటి, ఆ జారుడులో ఇప్పుడు కదలకుండా ఉన్న భాగం మీదుగానే ఊళ్లోకి దిగుతుంది.