బండి వచ్చిందని రోడ్డుకి ఎలా తెలుస్తుంది?

బరంపురం

పిల్లలకు,

గిరి రోడ్డు నుంచి ఏడో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న పంపింది. వాళ్ల పెద్దనాన్నగారబ్బాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడట. రాత్రి పని ముగించుకుని మోటార్‌సైకిల్ మీద ఇంటికి వస్తుంటే, ఒక నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రలైటు ఎంతసేపు నిలబడ్డా మారదట. వెనకాల ఏ కారో వచ్చి ఆగితే మాత్రం కాసేపటికే పచ్చలైటు పడుతుందట. "తాతయ్యా, అక్కడి లైటు కూడా కార్లవాళ్లకే మర్యాద చేస్తుందా?" అని అడిగింది.

ఆ లైటుకి పక్షపాతం లేదమ్మా. కాస్త చెముడుంది, అంతే.

మన ఊరి సిగ్నళ్ల సంగతి వేరు. మన ఛక్కుల్లో, అంటే కూడళ్లలో, లైటు చాలామటుకు గడియారం ప్రకారం నడుస్తుంది. ఇటు ఇన్ని సెకన్లు, అటు ఇన్ని సెకన్లు. బండ్లు బారులు తీరినా, రోడ్డు నడుమ ఆవు పడుకున్నా, దాని లెక్క దానిదే. అమెరికాలో చిన్న వీధి వచ్చి పెద్ద రోడ్డులో కలిసే చాలాచోట్ల, పెద్ద రోడ్డుకి పచ్చ వేసే ఉంచుతారు. చిన్న వీధిలోకి బండి వచ్చిందని తెలిస్తేనే మారుతుంది. మరి తెలిసేదెలా? 1928లో బాల్టిమోర్‌లో చార్లెస్ ఆడ్లర్ అనే ఆయన లైటు దగ్గర మైకు పెట్టాడు. బండివాడు వచ్చి హారన్ కొడితే లైటు మారేది! అదే పద్ధతి మన గేట్ బజార్లో పెడితే ఏటవుతుందో మీరే ఊహించుకోండి.

1960ల నుంచి ఆ పని రోడ్డులో పాతిన తీగ చేస్తోంది. ఆగే గీతకి కాస్త వెనక, తారు రోడ్డుని రంపపు చక్రంతో సన్నగా గాడి కోస్తారు. మామూలుగా అది 6 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పున్న చదరం. గాడి లోతు రెండు మూడు అంగుళాలు. అందులో తొడుగున్న రాగితీగని మూడు నాలుగు చుట్లు తిప్పి, పైన నల్లటి జిగురు పోసి పూడ్చేస్తారు. దాన్ని లూపు అంటారు. తీగ కొసలు రెండూ మెలిపెట్టి రోడ్డు పక్కనున్న ఇనప్పెట్టెలోకి లాగుతారు. పెట్టెలో డిటెక్టర్ అనే చిన్న కార్డు ఉంటుంది. అది ఆ తీగలోకి సెకనుకి పదుల వేలసార్లు అటూ ఇటూ ఊగే కరెంటు పంపి, ఊగే వేగం మారుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉంటుంది.

ఇది ఎలాంటిదంటే, కుళాయి కింద బిందె పెట్టి పక్కగదిలోకి వెళ్లండి. బిందెని చూడక్కర్లేదు, వినండి. ఖాళీ బిందెలో నీళ్ల మోత బొంగురుగా ఉంటుంది. నిండేకొద్దీ సన్నబడి పైకి పోతుంది. మా చిన్నతనంలో కుళాయి వచ్చేది కాసేపే, వీధంతా వరస కట్టేది. అరుగుల మీద కూర్చున్న ముసలమ్మలు తల తిప్పకుండానే "ఒసేయ్, నీ బిందె నిండిపోయింది, తియ్యి" అనేవారు. ఇత్తడి బిందె మోత వేరు, రాగి బిందె మోత వేరు. సత్తు బిందెలొచ్చాక వాళ్లకి కొన్నాళ్లు చెవి కుదరక... ఎటో పోతున్నాను.

లూపు ఒక బిందె. దానికి తనదైన స్థాయి, అంటే కరెంటు ఊగే వేగం, ఒకటుంది. పైన లోహం వచ్చి నిలబడితే ఆ స్థాయి పెరుగుతుంది. పెట్టెలోని డిటెక్టరే అరుగు మీద ముసలమ్మ. ఎందుకు పెరుగుతుందంటారా? ఊగే కరెంటు ఊగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అలా మారే క్షేత్రం దగ్గరున్న తీగలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపించాడు. తీగే అక్కర్లేదు, లోహపు దిమ్మలో కూడా కరెంటు సుడులు తిరుగుతుందని 1855లో ఫూకో కనిపెట్టాడు. ఆ సుడులు తమని పుట్టించిన క్షేత్రానికే ఎదురు తిరుగుతాయి. దాంతో లూపుకున్న ప్రేరకత, అంటే కరెంటు మార్పుకి ఎదురాడే గుణం, తగ్గుతుంది, ఊగే వేగం పెరుగుతుంది. మిగతా లెక్క పై తరగతుల్లో మాస్టారు చెప్తారు.

కారు వచ్చి ఆగితే ప్రేరకతలో ఈ తగ్గుదల నూటికి రెండు మూడు వంతులు. చిన్న మోటార్‌సైకిల్‌కి వెయ్యికి ఒకటో రెండో. బిందెలో చెంబెడు నీళ్లు పడితే మోత మారినట్టు ఎవరికైనా తెలుస్తుంది. ఉగ్గుగిన్నెడు పోస్తే ముసలమ్మ మాత్రం ఏం కనిపెడుతుంది? పోనీ పెద్ద బండైతే చాలా అంటే అదీ కాదు. లారీ అడుగుభాగం నేలకి ఎత్తున ఉంటుంది కాబట్టి కారుకంటే తక్కువే వినబడుతుంది. లోహం తీగకి దగ్గరగా ఉండాలి.

ఇంతవరకూ బిందె పనికొచ్చింది. ఇక్కడితో దాన్ని దింపేద్దాం, ఎందుకంటే అన్నయ్యకి కావలసింది బండి ఎక్కడ ఆపాలో.

మోటార్‌సైకిల్ మనిషి సాధారణంగా తన వరస (లేను) నట్టనడుమ ఆపుతాడు. సరిగ్గా అక్కడే చెవి అన్నిటికంటే మందం. చదరం నడుమ క్షేత్రం నిలువుగా పైకి లేస్తుంది. చక్రం కూడా నిలువుగానే ఉంటుంది కదా, అందుకని క్షేత్రం దాని పక్కనుంచి జారిపోతుంది తప్ప రిమ్ము వలయంలోంచి దూరదు. అదే తీగకి సరిగ్గా పైన అయితే, క్షేత్రం తీగని చుట్టి వస్తూ రోడ్డుకి అడ్డంగా పోతుంది. తీగ పొడవునా రెండు చక్రాలూ నిలిపితే రెండు రిమ్ముల్లోంచీ దూరుతుంది. చక్రాలు నేలకి ఆనుకునే ఉంటాయి, కనక బండి మొత్తంలో తీగకి అతి దగ్గరి లోహం ఆ రిమ్ముల కిందిభాగమే.

అంచేత అన్నయ్యకి ఇలా రాయమ్మా. ఆగే గీత దాటొద్దు, దాటితే లూపు వెనకే ఉండిపోతుంది. తారు మీద నల్లటి సన్నగీతలు వెతుక్కోవాలి. చదరానికి కుడి అంచో ఎడమ అంచో, రోడ్డు పొడవునా పోయే గీత మీద, ముందు చక్రం, వెనక చక్రం రెండూ ఉండేలా ఆపాలి. అడ్డగీత మీద ఆపితే లాభం తక్కువ. చదరం నడిమిగా పొడవునా ఇంకో గీత కనిపిస్తే తీగని 8 అంకెలా చుట్టారన్నమాట. అప్పుడు ఆ నడిమి గీత మీదే ఆపాలి. రెండు సగాల తీగలూ అక్కడ పక్కపక్కనే, ఒకే దిక్కున కరెంటుతో పోతాయి. కొన్నిచోట్ల సైకిల్ మనిషి బొమ్మ, దానికి పైనా కిందా నిలువు గీత వేసి ఉంటుంది. అది ఉంటే వెతుకులాటే లేదు, ఆ గీతల వరసలో చక్రాలుంచడమే. ఆపాక ముందుకీ వెనక్కీ కదలకూడదు. లూపు దిగిపోతే బండి వెళ్లిపోయిందనుకుని ఆ పిలుపుని మరిచిపోయే సిగ్నళ్లున్నాయి.

అక్కడివాళ్లు చెప్పే చిట్కాల్లో చాలావాటికి అర్థం లేదు. రోడ్డు బరువు చూడదు, కాబట్టి బండి మీద ఎగిరి దూకినా ప్రయోజనం లేదు. ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా అంతే. సైడ్ స్టాండు దించితే ఒక చిన్న కడ్డీ దగ్గరవుతుంది, అంతకుమించి ఏమీ ఉండదు. బండి కింద అంటించుకోమని అయస్కాంతాలు అమ్ముతారు. అవి శుద్ధ దండగ. లూపుకి కావలసింది కరెంటు సుడి తిరగగల లోహం. అయస్కాంతం అంటుకోని అల్యూమినియం రిమ్ముకైనా ఇట్టే పలుకుతుంది.

సరిగ్గా ఆపినా మారకపోతే తప్పు పెట్టెలో ఉంది. డిటెక్టర్ కార్డులో చెవి పెంచే మెట్లుంటాయి. మరీ పెంచితే పక్క లేనులో పోయే కారు కూడా ఇక్కడే ఉన్నట్టు వినబడి, ఊరికే పచ్చలైటు పడుతుంది. ఆ భయంతోనే కొందరు తగ్గించి ఉంచుతారు. అక్కడి నగరపాలక ఆఫీసుకి కూడలి పేరు, ఏ లేను, ఏ దిక్కు నుంచి వస్తున్నదీ రాసి పంపితే సరిచేస్తారు. కొత్తగా పెట్టే డిటెక్టర్లు సైకిళ్లనీ మోటార్‌సైకిళ్లనీ కూడా పట్టగలిగేలా ఉండాలని కాలిఫోర్నియాలో 2007లో చట్టమే చేశారు, కాబట్టి మొహమాటపడక్కర్లేదు. తారు మీద గీతలు లేకుండా పైన కమ్మీకి కెమెరా ఉంటే ఈ తీగ పాఠం ఏదీ వర్తించదు. ఆగే గీతకి వెనకనే, దీపం వేసుకుని నిలబడాలి. ఆ రాత్రికి ఏ దారీ లేకపోతే దిగి, నడిచేవాళ్ల కోసం పెట్టిన బటన్ నొక్కి రావాలి. ఎవరూ లేరు కదా అని ఎర్రలో దూరేస్తే, ఆ పక్కనుంచి వచ్చేవాడు కూడా అదే అనుకుని వస్తాడు. కాసేపు ఆగితే పోయేదేం లేదు.

మీకూ ఒక పని చెప్తాను. కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పాడైన హార్డ్ డిస్కులోంచి ఒక అయస్కాంతం అడిగి తెచ్చుకోండి. గట్టిది, వేళ్లు నలిగేలా పట్టేస్తుంది, జాగ్రత్త. మందమైన అల్యూమినియం పలకని ఏటవాలుగా పెట్టి పైనుంచి వదలండి. అంటుకోదు, కానీ జారడానికి ఎంత బద్ధకిస్తుందో చూడండి. పక్కనే చెక్క మీద కూడా వదిలి చూడండి.

ఈసారి ఇచ్ఛాపురం వైపు బస్సులో వెళ్తే హైవే మీద టోల్‌గేటు దగ్గర కిటికీలోంచి కిందికి చూడండి. బస్సు నెమ్మదిస్తుంది కాబట్టి కనబడుతుంది. అడ్డకర్ర దగ్గర సిమెంటులో కోసిన చదరం ఉంటే అదీ లూపే. కారు దాని మీద ఉన్నంతసేపూ కర్ర కిందికి దిగదు. కారు వెనకే మోటార్‌సైకిల్ దూరిస్తే మాత్రం దాన్ని ఆ లూపు వినకపోవచ్చు, కర్ర నెత్తిన పడుతుంది. మీ నాన్నగారికి చెప్పండి, బండిమీద వెళ్లేటప్పుడు పక్కన విడిచిన దారిలోనే పోవాలి. చదరం మూలలు కూడా గమనించండి. సూటిగా మడతపడవు, ప్రతి మూలనీ ఏటవాలుగా కొట్టేసి ఉంటారు. మూల పదునుగా ఉంటే తీగ తొడుగు అక్కడే కోసుకుపోతుంది. నీళ్లు దిగితే లూపు చెడిపోతుంది. ఎవరికి కనబడితే వాళ్లు బొమ్మ గీసి పంపండి, ఎన్ని గీతలున్నాయో తప్పకుండా లెక్కపెట్టాలి.

మీ తాతయ్య